రహదారి విడిచిన ఊరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనా రాష్ట్రమున సెలిగ్‌మన్ అను చిన్న ఊరు కలదు. మొదట అది రైలు కూడలి. రైలుమార్గ నిర్మాణమునకు ధనము సమకూర్చిన సెలిగ్‌మన్ సోదరుల పేరే ఊరికి వచ్చినది. 1926లో చికాగో నగరము నుండి పడమటి తీరమునకు 66వ నెంబరు జాతీయ రహదారి ఏర్పడినది. రమారమి 2,400 మైళ్ళ ఆ బాట ఈ ఊరి మీదుగా సాగుటచే వర్తకులకు కొత్త జీవనాధారము దొరికెను.

1930 తరువాతి కరవు దినములలో పంటలు పోయిన రైతు కుటుంబములు సామానులు మోటారు బండ్లకెత్తుకొని ఈ బాటనే కాలిఫోర్నియాకు తరలిపోయినవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము విహారయాత్రికులు వచ్చిరి. బాట కిరువైపుల బసలు, భోజనశాలలు, పెట్రోలు బంకులు, మరమ్మతు దుకాణములు వెలసినవి. 1953లో హువాన్ డెల్గడియో అను నాతడు రైల్వేవారికి అక్కరలేని కలపతో ‘స్నో క్యాప్’ అను ఫలహారశాల కట్టెను. అతని తమ్ముడు ఏంజెల్ తండ్రివలెనే క్షౌరవృత్తి నవలంబించెను.

1956 నాటి చట్టముచే దేశమంతట విశాలమైన నూతన రహదారుల నిర్మాణము సాగినది. 1978 సెప్టెంబరు 22న 40వ నెంబరు నూతన రహదారి సెలిగ్‌మన్‌ను ప్రక్కకు విడిచి తెరువబడినది. వాహనముల రద్దీ ఆ దినముననే అంతరించెను. దుకాణములు మూతపడినవి, పనులకై జనులు వలసపోయిరి. 1985లో పాత బాట జాతీయ రహదారుల పట్టిక నుండి తొలగింపబడినది. ఆ సంవత్సరమే రైల్వేవారును అచ్చటి తమ కార్యకలాపములను చాలించిరి.

నూతన రహదారి వేగమునకు అనుకూలము; దానిని మరల్చుట ఎవరి తరమును కాదు. అయినను పాత బాటపై ప్రయాణికులకు గల మమకారమును ఏంజెల్ గుర్తించెను. బాట పాతదగుటయే దాని విలువ యని ఆతడు తలచెను. 1987 ఫిబ్రవరి 18న పదునైదుగురు సెలిగ్‌మన్‌లో సమావేశమై ఆరిజోనా చారిత్రక 66వ రహదారి సంఘమును స్థాపించిరి. వారు పట్టువిడువక ప్రభుత్వమునకు విన్నవించిన ఫలితముగ ఆ సంవత్సరాంతముననే సెలిగ్‌మన్, కింగ్‌మన్ పట్టణముల నడిమి భాగము చారిత్రక రహదారిగా గుర్తింపు పొందినది. పిదప ఆ గుర్తింపు కాలిఫోర్నియా సరిహద్దు వరకు విస్తరించెను. ఇతర రాష్ట్రములలోను ఇట్టి సంఘములు ఏర్పడినవి.

యాత్రికులు తిరిగి రాజొచ్చిరి. ఏంజెల్ క్షౌరశాల చూడదగిన స్థలమైనది. హువాన్ ఆవాల పచ్చడి సీసాలో పసుపుపచ్చని దారము దాచి, గిరాకీలపై చిమ్మినట్లు నటించి నవ్వించుచుండెడివాడు. 2005లో ఊరి వర్తక వీధికి జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చోటు లభించినది.

రైల్వే కొలువులు మరల రాలేదు; పూర్వపు రద్దీయు రాలేదు. అయినను దుకాణముల తలుపులు తెరచుకొన్నవి. పోయిన బాటను తలచి వగచినంత కాలము పాడుపడిన వీధి, మిగిలినదేమో ఎంచి చూచుకొన్న కొలదిమంది పూనికచే నిలిచినది.