రెండు తరాల నడుమ: పెంటేల హరికృష్ణ చదరంగ ప్రస్థానం

భారత చదరంగ చరిత్ర చెప్పేవారు విశ్వనాథన్ ఆనంద్ దగ్గర మొదలుపెట్టి, ఒక్క అంగలో గుకేశ్ దగ్గరికి వచ్చేస్తారు. నడుమ ఉన్న ఏళ్లలో ఆట ఎవరి భుజాల మీద నడిచిందన్న ప్రశ్నకు గుంటూరు నుంచి ఒక జవాబుంది.

పెంటేల హరికృష్ణ 1986 మే 10న గుంటూరులో పుట్టాడు.

తాతగారి దగ్గర ఎత్తులు నేర్చుకున్న కుర్రవాడు 2000లో, పద్నాలుగేళ్లకే, ఇస్తాంబుల్ చెస్ ఒలింపియాడ్‌లో దేశం తరఫున ఆడాడు. మరుసటి ఏడు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ కిరీటం గెలిచాడు. భారతీయుల్లో అంతకుముందు ఆ కిరీటం దక్కింది 1987లో ఆనంద్‌కే.

ఆ తర్వాత చాలాకాలం రేటింగ్ 2600లలోనే తచ్చాడింది. దీన్ని ప్రతిభ లోపమనడం తొందరపాటు. రేటింగ్ కట్టే ఎలో పద్ధతిలో లెక్క వేసి చూడండి. 2650 రేటింగ్ ఉన్నవాడు 2500 వాడితో డ్రా చేసుకుంటే సుమారు 2 పాయింట్లు పోతాయి. అదే 2750 వాడితో డ్రా అయితే ఒకటిన్నర దాకా వస్తాయి. కానీ అంతటివాళ్లు ఆడే పోటీలకు పిలుపు ఉండాలి. పిలుపు రావాలంటే రేటింగ్ ఉండాలి. ఓపెన్ టోర్నీలు ఆడుకుంటూ ఈ చిక్కుముడి విప్పుకోవడం కష్టం.

హరికృష్ణకు ముడి విప్పింది గెలుపులే. 2011లో ఆసియా చాంపియన్‌షిప్, 2012లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో టాటా స్టీల్ టోర్నీ బి గ్రూపు గెలిచాడు. దాంతో 2013లో అక్కడే ఎ గ్రూపులో చోటు దొరికింది. ఆ ఏడే 2700 దాటాడు. 2016 నవంబరులో ప్రపంచంలో పదో స్థానం, డిసెంబరులో 2770 రేటింగ్. అప్పటికి వయసు ముప్పై. ఈ ఆటలో పాతికేళ్లు దాటాక ఇంతగా ఎదగడం అరుదు. జూనియర్ కిరీటం కంటే ఈ రెండో ఎదుగుదలే పరిశోధకులు పట్టించుకోవలసినదని నా అభిప్రాయం. ఓపిగ్గా ఎండ్‌గేమ్ దాకా లాక్కెళ్లి, చిన్న ఆధిక్యాన్ని పిండుకునే అతని ఆటకు వయసు అడ్డు కాలేదు. ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీ మాత్రం అందలేదు.

2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ స్వర్ణం గెలిచినప్పుడు హరికృష్ణ రిజర్వు ఆటగాడు. జట్టులోని మిగతావారంతా అతని కంటే చిన్నవాళ్లు. ఆ ఏడే డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాక, అతని సహాయక బృందంలో హరికృష్ణ ఉన్నట్టు బయటపడింది. ఆ పోరులో చివరిదైన పద్నాలుగో గేమ్ ఎండ్‌గేమ్‌లో తేలింది గనుక ఆ గెలుపును హరికృష్ణ ఖాతాలో వేయాలని తెలుగువారికి అనిపించవచ్చు. అది అతిశయోక్తి: అక్కడ పొరపాటు చేసింది ప్రత్యర్థి డింగ్, పట్టుకున్నది గుకేశ్. సహాయకుల పని అంతకు ముందే, ఓపెనింగ్‌ల తయారీలో జరిగిపోతుంది. స్కోరు షీటు మీద వాళ్ల పేరుండదు.