పార్కిన్సన్స్ వ్యాధిలో అదుపు తప్పే కోరికలు, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్

పార్కిన్సన్స్ వ్యాధికి మందులు వాడేవారిలో కొందరికి జూదం, కొనుగోళ్లు, తిండి, కామం వంటి విషయాల్లో తమను తాము ఆపుకునే శక్తి సన్నగిల్లుతుంది. వీటిని ఇంపల్స్ కంట్రోల్ డిజార్డర్లు అంటారు. మెదడులోకి సన్నని ఎలక్ట్రోడ్లు దించి విద్యుత్తుతో ప్రేరేపించే చికిత్స డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా డీబీఎస్. ఈ కోరికలకు అది కొందరిలో విరుగుడయింది, కొందరిలో కారణమూ అయింది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణిస్తూ, రోగి బుద్ధి చెడదని రాశాడు. దాంతో చాలాకాలం దీన్ని ఒంటి కదలికల జబ్బుగానే చూశారు. రోగుల మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుందని 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ చూపారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ మెదడులో డోపమైన్‌గా మారే డోపాను పెద్ద మోతాదులో ఇచ్చి, కదల్లేనివారిని నడిపించాడు. (ఆ డోపాలో మందుగా పనిచేసే రూపమైన లెవోడోపా మనకు కొత్తదేమీ కాదు. దూలగొండి గింజల నుంచి దామోదరన్, రామస్వామి 1937లోనే దాన్ని వేరుచేశారు.)

అయితే డోపమైన్ పని కదలికతో ఆగదు. ఏది కావాలనిపించాలి, ఏది మళ్లీ చేయాలనిపించాలి అన్నదానిలోనూ దానికి పాత్ర ఉంది. లెవోడోపా వచ్చిన తొలి ఏళ్లలోనే కొందరిలో కామోద్రేకం పెరగడం వైద్యుల కంటపడింది. 1997లో అమెరికాలో ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనుమతి పొందాయి. డోపమైన్‌లా పనిచేసే ఈ మందుల వాడకం పెరిగాక సమస్య బయటపడింది. 2003లో అరిజోనాలోని ఫీనిక్స్ వైద్యులు 1,884 మంది రోగుల్లో 9 మంది జూదరులను గుర్తించారు. వారిలో 8 మంది ప్రమిపెక్సోల్ వాడుతున్నవారే. అడిగి చూస్తే సంఖ్య ఇంకా పెద్దదని 2010లో తేలింది. అమెరికా, కెనడాల్లో 3,090 మందిని పరీక్షించిన డొమినియన్ అధ్యయనంలో 13.6 శాతం మందికి ఏదో ఒక అదుపులేనితనం కనిపించింది. డోపమైన్‌లా పనిచేసే మందులు వాడేవారిలో అది 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. పెద్దవయసులో బుద్ధి పెడదారి పట్టిందని ఇంట్లోవాళ్లు నిందించినవారిలో ఎందరు నిజానికి మాత్రల బాధితులో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

డీబీఎస్ కథ వేరుగా మొదలైంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలిమ్ లూయీ బెనబిడ్ మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లో ప్రేరణ ఇచ్చి వణుకు ఆపాడు. థాలమస్ కింద కందిగింజంత ఉండే సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను దెబ్బతీస్తే కోతుల్లో పార్కిన్సన్స్ లక్షణాలు తగ్గుతాయని మాలన్ డిలాంగ్ బృందం 1990లో చూపింది. గ్రెనోబుల్ బృందం 1993 నుంచి మనుషుల్లోనూ అక్కడే ప్రేరణ ఇవ్వసాగింది. పార్కిన్సన్స్‌లో ఈ పద్ధతికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. హైదరాబాదులోని నిమ్స్‌లోనూ ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు.

ఆపరేషన్ తర్వాత మందుల మోతాదు బాగా తగ్గించవచ్చు. అక్కడే రెండు కథలూ కలిశాయి. మాత్రలు తగ్గించగలిగిన కొందరిలో జూదం పూర్తిగా ఆగిపోయిందని 2006లో ఫ్రాన్స్ నుంచి నివేదిక వచ్చింది. జర్మనీ, ఫ్రాన్స్‌లలో 251 మందితో సాగిన ఎర్లీస్టిమ్ అధ్యయనమూ, మందులతోనే నెట్టుకొచ్చినవారి కంటే ఆపరేషన్ అయినవారిలో ఇలాంటి ప్రవర్తన తగ్గిందని 2018లో తెలిపింది.

మరి ఆపరేషన్ తర్వాత కొందరిలో ఈ అదుపులేనితనం కొత్తగా ఎందుకు పుడుతుంది? మైఖేల్ ఫ్రాంక్ బృందం 2007లో దీనికి మంచి ఆధారం అందించింది. రెండూ బాగున్నట్టే అనిపించి ఎటూ తేలనప్పుడు మనిషి కాస్త ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆగడానికి సబ్‌థాలమిక్ న్యూక్లియస్ బ్రేకులా తోడ్పడుతుంది. ప్రేరణ నడుస్తున్నప్పుడు రోగులు అలాంటిచోటే మరింత తొందరపడ్డారు. మందులది వేరే దారి: తప్పు జరిగినప్పుడు దాన్నుంచి నేర్చుకునే గుణాన్ని అవి తగ్గించాయి. ఒకటి ఆగనివ్వదు, ఇంకొకటి దెబ్బ తిన్నా బుద్ధి రానివ్వదు. పైకి రెండూ దుడుకుతనంగానే కనిపిస్తాయి. ఈ తేడా పట్టుకోకుండా మందు తగ్గించాలా, విద్యుత్ ప్రేరణను సరిచేయాలా అన్నది తేల్చడం కష్టం.

మందు ఒక్కసారిగా మానినా ప్రమాదమే. ఆందోళన, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కమ్ముకోవచ్చు. ఈ స్థితిని 2010లో ప్రత్యేక లక్షణ సముదాయంగా వర్ణించారు. అంతకుముందు 2008లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలన, సబ్‌థాలమిక్ డీబీఎస్ తర్వాత తొలి ఏడాదిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని హెచ్చరించింది. అందుకే మాత్రలను మెల్లగా తగ్గిస్తారు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రోగిని, విడిగా ఇంట్లోవాళ్లనూ, పేకాట, అప్పులు, అర్ధరాత్రి తిండి, దిగులు గురించి పేరుపెట్టి అడగాలి.