చిరునామా ఎవరిది?

ఇంటర్నెట్‌లో చిరునామా కంప్యూటర్‌ది కాదు, దానికి తగిలించిన లైనుది. రెండు లైన్లుంటే యంత్రం ఒకటే అయినా చిరునామాలు రెండు. ఈ విడ్డూరం ఎక్కడ మొదలైందా అని తవ్వుకుంటూ పోతే 1972 దగ్గర తేలాను.

అప్పటికి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ వయసు మూడేళ్లు. ఐఎంపీ అనే యంత్రానికి కంప్యూటర్లను తగిలించేవారు. ఆ ఐఎంపీ నంబరు, అందులో మీరు తగిలించిన పోర్టు నంబరు, రెండూ కలిపితే మీ చిరునామా. ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం వాళ్లు, ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని రెండు లైన్లు అడిగారు. తీరా చూస్తే నెట్‌వర్క్ లెక్కలో అవి రెండు వేర్వేరు కంప్యూటర్లు! ఆనాటి ఇంజనీర్ జాన్ డే ఈ ఉదంతాన్ని చెబుతూ ఉంటారు.

ఉత్తరాల చిరునామాతో దీన్ని పోల్చి చూడండి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో రాజ్యంలో తపాలా కూడా రెండు రకాలే. రాజ్యం లోపలి ఉత్తరాలకు 1869 నుంచి సొంత స్టాంపులున్న నిజాం టపా, పొలిమేర దాటేవాటికి బ్రిటిష్ వారి తపాలా. ఏ స్టాంపు అంటించాలో పంపేవాడు చూసుకోవాలి. చిరునామా మాత్రం మనిషిదే. ఏ దారిన వచ్చినా ఉత్తరం వనపర్తి రాజావారికే చేరేది. 1950 ఏప్రిల్ 1న నిజాం టపా భారత తపాలాలో కలిసిపోయింది.

ఇంటర్నెట్ పెద్దలకూ లైను చిరునామాను వదిలించుకునే అవకాశం ఒకసారి వచ్చింది. చిరునామాను యంత్రానికే ఇచ్చే సీఎల్‌ఎన్‌పీ అనే పద్ధతిని తీసుకుందామని 1992లో ఆ పెద్దల సంఘం ప్రతిపాదిస్తే ఇంజనీర్లు మండిపడి తోసిపుచ్చారు. నన్నడిగితే చేజేతులా వదులుకున్నారు.

ఇప్పుడు గద్వాలలో ఏ ఆన్‌లైన్ సెంటర్‌లోనైనా కేబుల్, ఫోన్ హాట్‌స్పాట్ రెండూ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి 'రూట్ ప్రింట్' అని కొట్టి చూడండి. మెట్రిక్ అనే వరుసలో ఏ దారికి అంకె తక్కువో ప్యాకెట్లు అటే పోతాయి. ఆ అంకెను విండోస్ లైను వేగాన్ని బట్టి వేస్తుంది, బయట ఇంటర్నెట్ వస్తోందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. అందుకే రౌటర్ అవతల లైను చచ్చినా కేబుల్ లైటు వెలుగుతూనే ఉంటుంది, దరఖాస్తు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కేబుల్ పీకితే ఫోన్ దారి పడుతుంది గానీ, సగం ఎక్కిన ఫైలు మామూలుగా మళ్లీ మొదటి నుంచే. అవతలి సర్వర్‌కు తెలిసింది కేబుల్ చిరునామాయే మరి.

ఒక తలుపుకు, అంటే ఒక లైను చిరునామాకు, రావలసిన ప్యాకెట్ ఇంకో తలుపు తడితే తీసుకోవాలా? 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1122 రెండు పద్ధతులూ చెప్పి, తేల్చకుండా వదిలేసింది. లినక్స్ తీసుకుంటుంది, విస్టా నుంచి విండోస్ తీసుకోదు. కొత్త చిరునామాల పద్ధతి ఐపీవీ6లో ఒక్క లైనుకే బోలెడు చిరునామాలు కావడంతో, ఎంపికకు 2003లో నియమావళి రాశారు, 2012లో తిరగరాశారు. అదీ చాలక బ్రౌజర్లు పందెం పెడతాయి: ఒక చిరునామాను తట్టి, సుమారు 250 మిల్లీసెకన్లలో పలక్కపోతే రెండోదాన్నీ తట్టి, ముందు పలికినదాంతో పని కానిస్తాయి.