లొట్టి నుంచి సీసా దాకా: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మద్యనియంత్రణ చరిత్ర

వ్యాససంగ్రహం: మద్యం వల్ల కలిగే హానిని తగ్గించే ప్రయత్నాల చరిత్రను నిషేధానికీ సడలింపుకూ మధ్య ఊగిసలాటగా చెప్పడం పరిపాటి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవాన్ని ఆధారం చేసుకొని, ఒక పానీయాన్ని అదుపు చేసిన ప్రతిసారీ హాని మరో పానీయంలోకి తరలిపోయిందనీ, తాగుడుకు బానిసైన మనిషి ఆరోగ్యానికి విధానాల్లో తగిన చోటు దక్కలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అబ్కారీ, కల్లు, ఇప్పసారా, సారా వ్యతిరేకోద్యమం, గుడుంబా, గ్రామసభ, ప్రజారోగ్యం.

1. ప్రవేశిక

తెలంగాణ సామాజిక జీవనంలో కల్లుకున్న స్థానం ఎవరూ కాదనలేనిది. పెండ్లి, చావు, బోనం, పంట కోత వంటి సందర్భాలన్నింటా దానికి పాత్ర ఉంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్పసారా దేవతలకు నైవేద్యం కూడా. అయితే ఆచారంలోని పానీయం నిత్య వ్యసనంగా మారిన క్రమానికి ఆచారం ఒక్కటే కారణం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం సేవించేవారు దేశం మొత్తం మీద 18.8 శాతం కాగా, తెలంగాణలో 43.3 శాతం. ఈ వ్యత్యాసాన్ని 'మా దగ్గర అంతే' అనే మాటతో సరిపెట్టడం చరిత్రను విస్మరించడమే అవుతుంది.

2. అబ్కారీ: చెట్టు మీద, పువ్వు మీద పన్ను

'అబ్కారీ' పారసీ నుంచి వచ్చిన పదం. హైదరాబాద్ సంస్థానంలో మద్యపు రాబడి ప్రభుత్వాదాయంలో ముఖ్యభాగంగా ఉండేది. 1316 ఫసలీ నాటి, అంటే సుమారు 1906–07 నాటి హైదరాబాద్ అబ్కారీ చట్టం తయారీని, అమ్మకాన్ని ప్రభుత్వ అనుమతికి లోబరిచింది. తాటిచెట్టు గౌడు గీసినా, చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం, వేలం పాడిన గుత్తేదారుకు లాభం అనే క్రమం స్థిరపడింది. గీసేవాడి ఒడుపు, తాగేవాడి అవసరం రెండూ గుత్తేదారు లెక్కల్లో చేరాయి.

ఆదిలాబాద్ అడవుల్లో ఈ మార్పు మరింత లోతుగా పనిచేసింది. వేసవి తొలినాళ్లలో రాలే ఇప్పపువ్వు గోండులకు, కోలాములకు మొదట ఆహారం, ఆ తర్వాతే సారాకు ముడిసరుకు. అనుమతి లేకుండా ఇంట సారా కాయడం నేరమైనప్పుడు ఆచారానికి కావలసిన పానీయం కోసం కూడా దుకాణం మీద ఆధారపడే స్థితి ఏర్పడుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణానంతరం ఈ ప్రాంతాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల భూమి, అడవి, అప్పుల సమస్యలను విస్తృతంగా నమోదు చేశాడు. అప్పు, అటవీ చట్టం, అబ్కారీ అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే ఆనాటి గూడెం ఆర్థికస్థితి అర్థమవుతుంది.

ఆంధ్ర ప్రాంతం ఇందుకు భిన్నమైన దారిలో నడిచింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఒకే రాష్ట్రంలో నిషేధమున్న ఆంధ్ర, అబ్కారీ ఉన్న తెలంగాణ పక్కపక్కనే నిలిచాయి. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించడం ప్రభుత్వ కర్తవ్యమని చెబుతున్నా, ఆ తేడా తొలగిన తీరు వేరు. 1968 ఎక్సైజు చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే చట్టం కిందికి తెచ్చింది, 1969లో ఆంధ్రలో నిషేధం తొలగిపోయింది. అంటే తెలంగాణ నమూనాయే రాష్ట్ర నమూనాగా మారింది.

3. సారా పాకెట్టు, ప్రతిఘటన

1980ల నడుమ 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా పాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. కల్లుకు చెట్టు, ఋతువు, గీత సమయం అనే సహజమైన హద్దులుంటాయి. పాకెట్టుకు అటువంటి హద్దు లేదు. పొలానికీ, బొగ్గుబావికీ, ఇంటి గడపకూ అది చేరగలదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే ఖర్చయ్యే స్థితి దీనితో బలపడింది.

ఆ దశాబ్దం చివర కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల్లో సారా దుకాణాలపై ప్రతిఘటన తలెత్తింది. ఇందులో నక్సలైటు ఉద్యమ ప్రభావం స్పష్టం. సింగరేణి బొగ్గు ప్రాంతంలో తాగుడు కార్మిక సమస్యగా కూడా చర్చకు వచ్చింది. ఉద్యమ హెచ్చరికలకు దుకాణాలు మూతపడిన చోట పోలీసుల రక్షణలో సారా అమ్మించిన సందర్భాలను పౌరహక్కుల ఉద్యమ రచనలు ప్రస్తావించాయి. ఆదాయం కోసం ప్రభుత్వం ఎంతదూరం వెళ్లగలదో ఇది తెలుపుతుంది. అయితే పై నుంచి వచ్చిన ఆజ్ఞ, అది సాయుధులదైనా సరే, దుకాణాన్ని మూయించగలదు గాని వ్యసనాన్ని మాన్పలేదు. ఈ పరిమితినీ గుర్తించవలసి ఉంది.

తెలంగాణ పల్లెల ఈ ఘట్టం తర్వాత, 1990ల ఆరంభంలో, నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అక్షరాస్యతా కేంద్రాల నుంచి ఉద్యమాన్ని నిర్మించారు. సారా వ్యతిరేకోద్యమ చరిత్ర దూబగుంటతో మొదలవుతుందనే కథనం స్థిరపడడంతో ఉత్తర తెలంగాణ మహిళల భాగస్వామ్యం మరుగున పడింది. దూబగుంట ఘనతకు ఇది లోటు కాదు. పరిశోధకులు పూరించవలసిన ఖాళీ.

4. నిషేధం, గుడుంబా

ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ఎన్.టి. రామారావు మద్యనిషేధంపై సంతకం చేశారు. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం ఆరంభమైంది. 1997లో అది సడలిపోయినా సారాపై నిషేధం మిగిలింది.

మిగిలిన ఈ నిషేధం పేదవాని చౌక పానీయాన్ని చట్టవిరుద్ధం చేసి, ఖరీదైన సీసాను చట్టబద్ధం చేసింది. ఆ మధ్య ఖాళీలోకి నల్లబెల్లం, పటికలతో కాచే గుడుంబా ప్రవేశించింది. మరోవైపు లైసెన్సు దుకాణం నుంచి సరుకు తెచ్చి అమ్మే 'బెల్టు షాపు' పల్లెలోకి వచ్చింది. ఈ పదానికి తెలుగులో సమానార్థకం పుట్టకపోవడమే అది ఎంత సహజంగా ఊరిలో కలిసిపోయిందో సూచిస్తుంది.

5. కల్తీకల్లు: దేహం చెప్పిన సాక్ష్యం

చెట్లు తగ్గి, గిరాకీ తగ్గనప్పుడు కల్లులో నీరు, శాకరిన్‌తో పాటు క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజొలామ్ వంటి మత్తుమందులు చేరాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబాపై, కల్తీకల్లుపై దాడులు ముమ్మరం చేసింది. ఈ చర్య అవసరమైనదే. కాని సెప్టెంబరులో, ఈ రెండు జిల్లాలకూ పొరుగునున్న నిజామాబాద్‌లోనూ, దక్షిణాన మహబూబ్‌నగర్‌లోనూ వందలాది మంది వణుకు, మూర్ఛ, మతిభ్రమణలతో ఆసుపత్రుల పాలయ్యారు. తాగింది మానినందుకు వచ్చిన జబ్బు అది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వద్ద ఇదే దృశ్యం పునరావృతమైంది.

దీర్ఘకాలం తాగినవారు హఠాత్తుగా మానితే ప్రాణాపాయం ఏర్పడవచ్చునని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పింది. వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా మాన్పించడం, థయమిన్ ఇవ్వడం, మూర్ఛలను నివారించడం తెలిసిన చికిత్సలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యవ్యసనంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్య నిర్వచనంలో చేర్చింది. అయినా వ్యసనపరుణ్ని పంచాయితీలో దోషిగా నిలబెట్టడమే తప్ప రోగిగా చూసే అలవాటు ఇంకా ఏర్పడలేదు.

6. గ్రామసభ, ఇప్పపువ్వు

1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, క్రమబద్ధం చేసే, పరిమితం చేసే అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి కట్టబెట్టింది. 2011లో రాష్ట్ర నియమాలూ వెలువడ్డాయి. నిషేధంతో పాటు క్రమబద్ధీకరణ కూడా అందులో ఉండడం గమనార్హం. నైవేద్యానికి కావలసిన ఇప్పసారాను, బెల్టు షాపు సీసాను వేరుచేసి చూసే వెసులుబాటు గూడేనికి దీనివల్ల లభిస్తుంది. అబ్కారీ చట్టం లాగేసుకున్న నిర్ణయాధికారం కాగితం మీదైనా తిరిగి వచ్చింది.

ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు తయారు చేస్తున్నది. రక్తహీనతతో బాధపడే బాలికలకు, గర్భిణులకు పనికివచ్చే ఆహారంగా అది ఆదరణ పొందింది. శతాబ్దకాలం ప్రభుత్వ దస్త్రాల్లో సారా ముడిసరుకుగా నమోదైన పువ్వు మళ్లీ ఆహారంగా గుర్తింపు పొందడం ఈ చరిత్రలో చిన్నదైనా విలువైన మలుపు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: ఉత్తర తెలంగాణలో అధిక మద్యపానం వెనుక శతాబ్దానికి పైబడిన ఆదాయ విధానం ఉంది. రెండు: కల్లు, సారా, గుడుంబా, సీసా వేర్వేరు కథలు కావు, ఒకదాని కట్టడి మరొకదానికి దారి తీసింది. మూడు: సరఫరాపై దాడి చేసిన ప్రతి సందర్భంలోనూ జిల్లా, మండల ఆసుపత్రుల్లో చికిత్సా ఏర్పాట్లు ముందుగా జరగవలసి ఉండగా, అవి రోగుల వెనుక నడిచాయి.

మద్యం మీద వచ్చే రాబడి ప్రతి ఏటా లెక్కకు వస్తుంది. దానివల్ల పోయిన పనిదినాలు, కాలేయాలు, చదువు మానిన పిల్లలు ఆ పద్దులో కనబడరు. పల్లె మహిళల మౌఖిక కథనాలను, ఆసుపత్రి దస్త్రాలను, ఎక్సైజు నివేదికలను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధన ఈ ప్రాంతంలోని విశ్వవిద్యాలయాల నుంచి రావలసి ఉంది. ఆ రెండో పద్దు రాయడం ఆ పరిశోధన చేయదగిన పని.