తుపాకి కుందా - షికారు తీరు

మన పెద్దలు షికారు ముచ్చట మొదలుపెడితే తుపాకి పేరు చెబుతారు, నాలి పొడవు చెబుతారు, తోటా బలం చెబుతారు. కుందా మాట మాత్రం ఎవరూ ఎత్తరు. భుజానికి ఆనించే ఆ కట్టెనే మన ఇళ్ళలో కుందా అంటాం. తెలుగులో మడమ అని కూడా అంటారు. గుండు పోయేది నాలిలో నుంచే అయినా, అది తగలవలసిన చోట తగలడానికి కుందా కుదరాలి. ఏ తీరు వేటకు ఏ తీరు కుందా అన్నది ఒక విద్య. ఆ విద్య కథ నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

మొగలాయీల కాలంలో తోడేదార్ బందూకు ఉండేది. తోడా అంటే నిప్పు అంటించిన వత్తి. దాని కుందా సన్నగా, దాదాపు తిన్నగా ఉండేది. వత్తి తగిలి మందు అంటుకోవడానికి కొంత సమయం పట్టేది గనుక పరుగెత్తే జంతువు మీద అది అంతగా పనికిరాదు. నీళ్ళ దగ్గర కాచుకొని, నిలబడ్డ జంతువును కొట్టడానికి తగినది. అక్బరు బాదుషాకు సంగ్రామ్ అనే పేరుగల బందూకు ఉండేదని, 1568లో చిత్తోడు ముట్టడిలో దానితోనే జైమల్‌ను కొట్టాడని చరిత్ర. ఆ కాలంలో గురి కుదరడమంటే చెయ్యి కదలకుండా ఓపిక పట్టడమే.

19వ శతాబ్దంలో వెనక నుంచి తోటా పెట్టే తుపాకులు, జోడు నాలి రైఫిళ్ళు వచ్చాయి. హైదరాబాదు రాజ్యంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలన 1869-1911) పులి వేటలో పేరుమోసినవారు. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు ఈ రాజ్యంలో షికారు చేశారు. మన ఎల్దుర్తి నుంచి మెదక్ దాటి ఎల్లారెడ్డి వైపు పోతే వచ్చే పోచారం అడవి కూడా నిజాంల వేట అడవే.

ఇక తీరుల సంగతి. మొదటిది హాంకా. డప్పులు కొట్టి, కేకలు వేసి జంతువును తోలుకొస్తారు. అది పొదలో నుంచి పొదలోకి దూకే రెండు మూడు క్షణాలే షికారీ చేతిలో ఉండేవి. గురి చూసుకొనే తీరిక ఎక్కడిది? తుపాకి ఎత్తగానే కన్ను, గురి ఒకే గీత మీదికి రావాలి. అందుకని జోడు నాలి తుపాకికి పిడి దగ్గర వంపులేని తిన్నటి కుందాను చాలామంది ఇష్టపడేవారు. రెండు ట్రిగ్గర్లున్న తుపాకిలో ఒకదాని నుంచి ఇంకొకదానికి చెయ్యి జారడం దానితో సులువు.

రెండవది మంచె. ఎర దగ్గరో, నీటి గుంట దగ్గరో చెట్టు మీద కూర్చొని పొద్దుగూకే దాకా కదలకుండా ఉండాలి. ఇక్కడ తొందర లేదు, ఒక్కటే దెబ్బ. దానికి పిడి దగ్గర పిస్తోలులాగా వంపు తిరిగిన కుందా మేలు. చెయ్యి గట్టిగా పట్టు చిక్కుతుంది, ట్రిగ్గర్ నిదానంగా నొక్కవచ్చు. చలికి శాలువా కప్పుకొని కూర్చుంటే పొడుగు కుందా బట్టకు తట్టుకుంటుంది. కాబట్టి కొంచెం పొట్టిది నయం.

మూడవది మైదానంలో కృష్ణజింక వేట. జింక ఎద్దులబండిని చూసి అంతగా బెదరదు గనుక బండి చాటున దగ్గరికి పోయేవారు. అయినా దూరం నుంచే కొట్టాలి. ఈ పనికి ఒంటి నాలి మ్యాగజైన్ రైఫిల్. తరవాత దానికి దుర్బీను అమర్చే అలవాటు వచ్చింది. దుర్బీను నాలి కన్నా ఎత్తుగా ఉంటుంది. పాత కుందా మీద చెంప ఆనిస్తే కన్ను కిందనే ఉండిపోతుంది. అందుకని చెంప ఆనే చోటు ఎత్తుగా ఉండే కుందాలు పుట్టాయి. కౌజులు, బాతులు కొట్టే ఛర్రా తుపాకిదీ ఇదే లెక్క. పిట్ట పైకి లేస్తుంది గనుక, కుందా కాస్త ఎత్తుగా ఉంటే ఛర్రా కూడా కాస్త పైకే పోతుంది.

కట్టె విషయానికి వస్తే మంచి కుందాకు అక్రోటు కట్టెనే కోరుకునేవారు. బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ, తొందరగా వంకరపోదు. కుదిరిందో లేదో చూడడానికి సులువైన పరీక్ష ఒకటుంది. కళ్ళు మూసుకొని ఖాళీ తుపాకి భుజానికెత్తి, కళ్ళు తెరవాలి. మెడ వంచకుండా గురి ఎదురుగా కనిపిస్తే అది మీ కుందా. లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా వేరెవరి కుందానో.

ఇదంతా షోకు కోసం కాదు. గురి తప్పిన గుండు జంతువును చంపదు, గాయం చేసి వదులుతుంది. చంపావత్ ఆడపులి కథ అందరూ విన్నదే. 1907లో జిమ్ కార్బెట్ కొట్టేనాటికి అది 436 మందిని పొట్టనబెట్టుకుందని లెక్క. పాత తుపాకి దెబ్బకు దాని కోరలు విరిగిపోయి ఉన్నాయి. ఎవరో తొందరపడి కొట్టిన ఒక్క దెబ్బ ఎన్ని కొంపలు ముంచిందో చూడండి! మన షికారీలు జంతువు పడగానే కత్తి పట్టుకొని పరుగెత్తేది, ప్రాణం పోకముందే జబహ్ చెయ్యాలని. గాయపడ్డది అడవిలోకి పారిపోతే మాంసం దక్కదు, దాని బాధా తీరదు. సరైన కుందాను ఎంచుకోవడం ఆ జంతువు పట్ల షికారీకి ఉన్న బాధ్యత.

ఆ రోజులు పోయాయి, పోవడమే మంచిది. షికారు జోరులోనే దేశంలో చీతా కనుమరుగైంది. 1952లో అది అంతరించిందని ప్రకటించారు. ఆ ఏడే పోచారం అభయారణ్యమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు జింకను కొడితే జైలే.

కాని తాతల తుపాకులు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. వాటి గురించి ఒక విన్నపం. లైసెన్సుదారు కాలం చేస్తే, వారసులు లైసెన్సు లేకుండా తుపాకి ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఆలస్యం చెయ్యకుండా పోలీసు ఠాణాలో గాని, లైసెన్సుగల డీలరు దగ్గర గాని జమ చేసి, ఆ తరవాతే దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తరవాత మామూలుగా ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. అలాగే పాత కుందాను కోయించడం, కొత్తది వేయించడం చెయ్యకండి. దాని పొడుగు తాతగారి చేతి పొడుగు, దాని మీద అరిగిన చోటు ఆయన చెంప ఆనిన చోటు. పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయి పాత ఆయుధాలు చూపించండి. నాలి వైపు ఒకసారి, కుందా వైపు రెండుసార్లు చూడమనండి.