వ్రాయుట, వినిపించుట, దిద్దుట

రచనాశక్తి పుట్టుకతో రావలసినదే కాని సాధనచే లభింపదని మనలో పెక్కండ్రు తలంతురు. అందువలన నవలలు వ్రాయువారు కొందరు తొలి చిత్తుప్రతినే అచ్చునకు పంపుదురు. ఎవరైన దోషము చూపినచో అసూయ యని కోపింతురు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో చూచుటకు ఫ్రెంచి నవలాకారుడగు గుస్తావ్ ఫ్లోబేరు (1821–1880) చరిత్రమును పాఠకుల ముందుంచుచున్నాము.

ఫ్లోబేరు రువాన్ నగరమందలి యొక వైద్యుని కుమారుడు. ఆ నగర సమీపమున సెయిన్ నది యొడ్డుననున్న క్రువాస్సె గ్రామములో తల్లితో కూడ నివసించుచు, సెయింట్ ఆంథొనీ యను తాపసికి కలిగిన ప్రలోభములను గూర్చి 1848లో నొక గ్రంథము నారంభించి 1849 సెప్టెంబరులో ముగించెను. వెంటనే తన మిత్రులగు లూయీ బుయిలేను, మాక్సిం ద్యుకాంను ఇంటికి పిలిచి, దినమునకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు దినములు చదివి వినిపించెను. చదువుట ముగియువరకు ఎవరును నోరు మెదపరాదని నియమము. ముప్పదిరెండు గంటలు విన్న పిమ్మట, దానిని నిప్పులో పడవేసి మరల దాని మాట యెత్తవద్దని మిత్రులు తీర్పు చెప్పినట్లు ద్యుకాం తన జ్ఞాపకములలో వ్రాసియున్నాడు. పదునారు నెలల శ్రమకు దక్కిన ఫలమిది!

ఫ్లోబేరు మిక్కిలి నొచ్చుకొనెను. అయినను స్నేహము విడువలేదు, గ్రంథమును తగులబెట్టనులేదు. లోకసామాన్యమగు విషయమును గైకొనుమన్న మిత్రుల మాట మాత్రము మనసున నాటుకొనెను. ద్యుకాంతోనే తూర్పుదేశముల యాత్రకు పోయి, తిరిగివచ్చిన పిదప 1851 సెప్టెంబరులో 'మదాం బోవరి' నారంభించెను. అది పల్లెటూరి వైద్యుని భార్య కథ.

ఈ మారు అతని పద్ధతియే మారినది. మధ్యాహ్నము మొదలు నడిరేయి దాటువరకు బల్ల విడువక కూర్చుండుట నిత్యనియమమయ్యెను. కొన్ని వారములకు రెండు మూడు పుటలు మాత్రమే నిలిచెడివి. వ్యవసాయ ప్రదర్శనమును వర్ణించు నొక్క ప్రకరణమునకే నెలలు పట్టెను. పారిసులోని కవయిత్రి లూయీజ్ కొలేకు వ్రాసిన లేఖలలో ఈ శ్రమ యంతయు కనబడును. ప్రతివాక్యమును బిగ్గరగా చదివి, చెవికి కటువైన దానిని మరల వ్రాసెడివాడు. ఆదివారమున బుయిలే వచ్చినపుడు ఆ వారము వ్రాసినది వినిపించెడివాడు; అతడు తప్పులు చూప, ఇతడు దిద్దుకొనెడివాడు. పంట కోతకు వచ్చిన పిమ్మట కలుపు తీసి ప్రయోజనమేమి? 1849లో ఒక్కమారుగా పిడుగువలె పడిన విమర్శ, ఇప్పుడు వారము వారము కలుపుతీతగా మారినది.

1856 ఏప్రిలులో గ్రంథము ముగిసెను. ద్యుకాం సంపాదకులలో నొకడుగానున్న 'రెవ్యూ ద పారీ' దానిని ప్రకటింప నంగీకరించెను. అయితే నేర్పరియగు నొకనిచే అనవసర భాగములను తీసివేయింతుమనియు, అందుకు నూరు ఫ్రాంకులు కావలయుననియు ద్యుకాం జాబు వ్రాసెను. ఫ్లోబేరు ఆ జాబు వెనుక పరిహాసముగా నొక్క మాట వ్రాసి దాచుకొనెను; సమ్మతింపలేదు. అయినను పత్రికవారు కొన్ని ఘట్టములను తొలగించిరి. పిదప ప్రభుత్వము నీతికిని మతమునకును భంగకరమని అభియోగము తెచ్చెను. 1857 ఫిబ్రవరి 7వ తేదీన న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడిచిపెట్టెను. ఆ యేటనే పుస్తకముగా వెలువడిన యా నవలలో బుయిలేకు అంకితవాక్యము కలదు.

ఒకే ద్యుకాం మాటను 1849లో మన్నించిన ఫ్లోబేరు, 1856లో త్రోసిపుచ్చుటకు కారణమేమి? మాకు తోచినది యిది: మొదటిమారు మిత్రులు దోషము చెప్పి ఊరకొనిరి; ఏమి చేయవలయునో నిర్ణయించుట గ్రంథకర్తకే విడిచిరి. రెండవమారు అతని చేతిలోని కలమునే లాగికొనజూచిరి. దోషము చూపుట విమర్శకుని ధర్మము. దిద్దుట గ్రంథకర్త ధర్మము. ఈ రెండును తారుమారైనచో స్నేహము పెత్తనమగును.

నిప్పులో వేయుమన్న తొలి గ్రంథము సయితము వ్యర్థము కాలేదు. ఫ్లోబేరు దానిని 1856లో నొకసారి, తరువాత మరల నొకసారి తిరుగవ్రాసి, 1874లో ప్రకటించెను. తొలి తీర్పు వెలువడి అప్పటికి ఇరువదియైదేండ్లు గడచినవి. దానిని అచ్చులో చూచుటకు బుయిలే లేడు, 1869లోనే మరణించెను.

'మదాం బోవరి' చిత్తుప్రతులను ఫ్లోబేరు మేనకోడలు 1914లో రువాన్ గ్రంథాలయమునకు దానమిచ్చెను. కొట్టివేతలతో నిండి, ఒకే ఘట్టము పలుమారులు వ్రాయబడిన యా కాగితములు చూచినవారు ప్రతిభ యొక్కటియే చాలునని పలుకజాలరు. మన యిండ్లలో నొక సోదరియో కుమారుడో తాను వ్రాసినది తెచ్చి వినిపించినపుడు, ఊరక మెచ్చుకొనుటయు నపకారమే, ఒక్క మాటతో త్రోసివేయుటయు నపకారమే. ఓపికతో విని, దోషము చూపి, వచ్చే ఆదివారము మరల తెమ్మని చెప్పుటయే మేలు.