పెద్దప్రేగు కాన్సరు: వెయ్యేండ్ల వైద్య చరిత్ర

అందలూసియాలో, ఖుర్తుబా నగరం చెంతనున్న మదీనతుజ్జహ్రాలో నివసించిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలోని ముప్పదవ, అనగా చివరి భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించాడు. ‘సర్తాన్’ అనే వ్యాధిని గురించి ఆయన అందులో వ్రాసినది కొద్దిగానే అయినా చాలా విలువైనది. వ్రణం చిన్నదై, ఆరంభదశలో ఉండి, స్తనం, తొడ వంటి పూర్తిగా తొలగించ వీలైన చోట ఉంటే దానిని కోసి తీయవచ్చు. ముదిరి పెద్దదైనచో దాని జోలికి పోరాదు. అట్టి రోగిని తాను నయం చేయలేకపోయాననీ, మరెవరూ నయం చేయగా చూడలేదనీ ఆయన దాచకుండా చెప్పాడు. హిజ్రీ 404 ప్రాంతంలో (క్రీ.శ. 1013) ఆయన మరణించాడు. 12వ శతాబ్దంలో తులైతులా నగరంలో గెరార్డ్ అనే అనువాదకుడు ఈ శస్త్రచికిత్సా భాగాన్ని లాటిన్‌లోనికి మార్చాడు. తరువాత కొన్ని శతాబ్దాలపాటు యూరపు వైద్యులు దానిని చదువుకున్నారు.

అరబ్బీలో సర్తాన్ అనగా పీత. గ్రీకు వైద్యులు పెట్టిన పేరుకు అది సరియైన అనువాదం. మన పల్లెల్లో దీనినే రాచపుండు అన్నారు. నల్లపిత్తం వలన ఈ వ్యాధి కలుగుతుందని ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’లో చెప్పిన కారణం నేడు నిలువదు. కాని ఆరంభదశకూ ముదిరిన దశకూ మధ్య ఆనాటి హకీములు గీచిన గీత మాత్రం చెరగలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. కంటికి కనిపించే స్తనంలోనైతే ఆరంభదశను గుర్తించవచ్చు. పొట్టలో దాగిన పెద్దప్రేగులో, దాని చివరనున్న పురీషనాళంలో పుట్టిన వ్రణాన్ని గుర్తించేదెట్లు? ఆ తరువాతి చరిత్ర అంతా ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్రే.

20వ శతాబ్దారంభంలో లండను శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ మైల్స్ తాను క్రింది వైపు నుండి పురీషనాళం తొలగించిన 57 మంది రోగులను పరిశీలించగా, 54 మందిలో వ్యాధి తిరిగి వచ్చింది. వ్యాధి లింఫు నాళాల ద్వారా పైకి ప్రాకుతున్నదని ఆయన గ్రహించాడు. పొట్ట వైపు నుండి కూడా కోసి, ఆ మార్గాన్నంతా తొలగించే పద్ధతిని 1908లో ప్రకటించాడు. 1932లో అదే నగరంలోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన కుత్‌బర్ట్ డ్యూక్స్ వ్యాధిని మూడు దశలుగా విభజించాడు: ప్రేగు గోడలోనే ఉన్నది, గోడను దాటినది, లింఫు గ్రంథులకు చేరినది. జహ్రావీ అనుభవంతో చెప్పిన మాటకు ఆ విధంగా ఒక కొలత ఏర్పడింది.

1969లో న్యూయార్కులో విలియం వోల్ఫ్, హిరోమీ షిన్యా అనే వైద్యులు వంగే గొట్టాన్ని పెద్దప్రేగులోనికి పంపి, లోపలి పిలకలను తీగ ఉచ్చుతో కోసి తీయనారంభించారు. పొట్ట కోయనక్కరలేకపోయింది. ఈ పిలకలలో కొన్ని ఏండ్లు గడిచిన మీదట కాన్సరుగా మారుతాయి. కావున పిలకను తీయడమంటే రాబోయే వ్యాధిని ముందే అడ్డుకొనడమన్నమాట. మలంలో కంటికి కానరాని రక్తాన్ని కనిపెట్టే పరీక్ష మరింత సులభమైనది. అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మందిపై జరిగిన పరిశోధన ఫలితం 1993లో వెలువడింది. ఏటేటా ఈ పరీక్ష చేసిన వర్గంలో ఈ వ్యాధి మరణాలు మూడవ వంతు తగ్గినట్లు తేలింది.

శరీరం ఈ శత్రువుతో తానుగా పోరాడదా అన్నది మరొక ప్రశ్న. 2006లో పారిస్ పరిశోధకులు పెద్దప్రేగు కణితులను పరిశీలించి, వాటిలోనికి చొచ్చుకొనిపోయిన రక్షణ కణాల సంఖ్యను, స్థానాన్ని బట్టి రోగి భవిష్యత్తును అంచనా వేయవచ్చునని చూపారు. మరి రక్షణ కణాలున్నా కణితి ఎందుకు పెరుగుతున్నది? జపానులో తసుకు హోంజో ప్రయోగశాల 1992లో కనుగొన్న పి.డి.-1 అనే ప్రోటీను ఇందుకు జవాబు చెప్పడానికి తోడ్పడింది. అది రక్షణ కణాలకు కళ్లెం వంటిది. కణితి ఆ కళ్లెం బిగించి తప్పించుకొంటుంది. ఈ కళ్లేలను వదులు చేసే మార్గాన్ని కనుగొన్నందుకు హోంజోకు, అమెరికాకు చెందిన జేమ్స్ అల్లిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ మందు అందరికీ పనిచేయదు. కణం విభజన చెందేటప్పుడు జన్యువుల నకలులో దొర్లే తప్పులను దిద్దే ఏర్పాటు కొందరి కణితులలో చెడిపోయి ఉంటుంది. 2015లో వెలువడిన పరిశోధనలో అట్టి కణితులలో సగటున 1,782 మార్పులు, ఇతర కణితులలో 73 మాత్రమే కనిపించాయి. మార్పులు ఎక్కువైన కొద్దీ రక్షణ కణాలు కణితిని పరాయిదిగా గుర్తుపట్టడం తేలిక. ఆ లోపమున్న పెద్దప్రేగు రోగులు 10 మందిలో నలుగురి కణితులు మందుకు లొంగి తగ్గాయి. లోపం లేని 18 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. 2022లో న్యూయార్కులో ఇదే లోపంతో పురీషనాళ కాన్సరు కలిగి, ఆరు నెలల చికిత్స ముగించిన 12 మందిలోనూ కణితి కానరాకుండా పోయింది. వారికి కత్తి అవసరం కాలేదు.

అయితే అట్టి లోపమున్న రోగులు కొద్దిమందే. తక్కిన వారికి నేటికీ ఆధారం త్వరగా గుర్తించడం, కోసి తీయడం, వాటికి తోడైన ఇతర చికిత్సలు. ఇక్కడనే సిగ్గు అడ్డు వస్తున్నది. మలంలో రక్తం పడితే మొలలని సరిపెట్టుకొని, నెలల తరబడి ఎవరికీ చెప్పని వారున్నారు. హయా విశ్వాసికి భూషణమే. కాని చికిత్సకు అవసరమైన మేరకు గుప్తభాగాలను వైద్యునికి చూపడాన్ని ఫుకహాలు ఏనాడో అనుమతించారు. ప్రాణరక్షణ షరీఅత్ ముఖ్య లక్ష్యాలలో ఒకటని వారు నిర్ణయించారు. రక్తస్రావం, మలవిసర్జనలో నిలకడగా వచ్చిన మార్పు, కారణం తెలియని నీరసం కనిపించినప్పుడు పరీక్ష చేయించుకొనడం ఆ లక్ష్యానికి లోబడి నడవడమే. ఆరంభదశలో వచ్చిన రోగికి జహ్రావీ కూడా ఆశ చూపాడు. ఆయన చేతులెత్తేసినది ఆలస్యంగా వచ్చిన వారి విషయంలోనే.